గుడ్డ డైపర్లు, మరొకరి చేతుల్లో బిడ్డ: ఎవరి పని ఎంతవరకు

తల్లి గానీ తండ్రి గానీ తిరిగి ఉద్యోగంలో చేరే రోజు దగ్గరపడేసరికి, అంతవరకూ ఇంట్లో ఏ ఇబ్బందీ లేకుండా సాగిపోయిన గుడ్డ డైపర్ల వాడకం ఒక్కసారిగా ప్రశ్నగా మారుతుంది. ఇంట్లో ఉన్నంతకాలం డైపర్ విప్పే చేతులూ, జాడించే చేతులూ, ఆరవేసే చేతులూ ఒకే ఇంటివారివి. తడిని పీల్చే ఏ ప్యాడ్ పలచబడిందో, ఏ ఎలాస్టిక్ వదులయిందో, బిడ్డ ఏ పూట ఎక్కువ తడుపుతుందో ఎవరూ ఎవరికీ చెప్పనక్కరలేకుండానే తెలిసిపోతుంది. బిడ్డ రోజుకు 9, 10 గంటలపాటు మరొకరి ఇంట్లో, మరో ఇద్దరు ముగ్గురు పిల్లలతో కలిసి ఒక సంరక్షకురాలి దగ్గర ఉండడం మొదలయ్యాక, చేతుల్లో ఉన్న ఆ తెలివిడి అంతటినీ మాటల్లోకి తెచ్చి మరొకరికి అప్పగించవలసి వస్తుంది.

ఈ విషయం మాట్లాడేటప్పుడు చాలామంది “ఆమె ఒప్పుకుంటుందా?” అన్న దగ్గరే ఆగిపోతారు. నా ఉద్దేశంలో అంతకన్నా ముందు తేల్చుకోవలసింది, మనం ఆమెను చేయమని అడుగుతున్న పని ఎంత అన్నది. వాడి పారేసే డైపర్ మార్చేటప్పుడు ఆమె చేసేది విప్పడం, తుడవడం, కొత్తది తొడగడం, పాతదాన్ని చెత్తబుట్టలో వేయడం, చేతులు కడుక్కోవడం. గుడ్డ డైపర్ విషయంలోనూ ఆమె పని ఇంతకు మించకూడదు. చెత్తబుట్ట ఉన్న చోట ఒక సంచి ఉంటుంది, అంతే తేడా. జాడించడం, ఉతకడం, ఆరవేయడం, ప్యాడ్లు సర్దడం, లెక్క చూసుకోవడం బిడ్డ సొంత ఇంటి పనులు. ఈ గీతను మొదటే స్పష్టంగా గీసుకుంటే, ఏ రకం డైపర్ కొనాలి, మలం సంగతి ఎలా, దద్దుర్లు వస్తే ఎవరిది బాధ్యత అనే మిగిలిన ప్రశ్నలకు సమాధానం చాలావరకు దాని వెంటే దొరుకుతుంది.

ఆమె ఊహించుకునే డైపర్, మీరు ఇవ్వబోయే డైపర్

గుడ్డ డైపర్ అనగానే అనుభవమున్న సంరక్షకురాలి మనసులో మెదిలేది సాధారణంగా పాత తరం పద్ధతి: త్రికోణంగా మడిచిన నలుచదరపు గుడ్డ, దానికి పిన్నీసు, పైన చెమటపట్టించే ప్లాస్టిక్ చెడ్డీ, మూలన వాసన వేసే నానబెట్టిన బకెట్టు. ఆ చిత్రం మనసులో పెట్టుకుని ఆమె “వద్దు” అంటే అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కనుక మాటలతో నచ్చజెప్పడానికి ముందు, సిద్ధంగా ఉన్న ఒక డైపర్‌ను ఆమె చేతికిచ్చి తొడిగి చూడమనడం మేలు.

ఇప్పటి గుడ్డ డైపర్లు ఎన్ని పేర్లతో అమ్ముడైనా వాటిలో ఉండేవి రెండే భాగాలు: తడిని పీల్చుకునే లోపలి పొర, తడిని బయటికి రానివ్వని పై పొర. పై పొర ఎక్కువగా పాలియురెథేన్ పూత అంటించిన పాలియెస్టర్ బట్ట. కొన్నిటిలో లానోలిన్ అనే ఉన్ని జిడ్డు పట్టించిన ఉన్ని కూడా ఉంటుంది. లోపలి పొరకు నూలు, జనపనారను పోలిన హెంప్, వెదురు గుజ్జుతో తీసిన విస్కోస్, సన్నని కృత్రిమ పోగులతో నేసిన మైక్రోఫైబర్ వాడతారు. ఈ రెండు భాగాలూ ఒకదానితో ఒకటి ఎలా కలిసి ఉన్నాయన్నదాన్ని బట్టే రకాలు ఏర్పడ్డాయి. ఆల్ ఇన్ వన్ రకంలో రెండూ కలిపి కుట్టేసి ఉంటాయి. పాకెట్ రకంలో పై పొరకూ, ఒంటికి తగిలే పలచని పొరకూ మధ్య ఉన్న సంచీలోకి ప్యాడ్‌ను దూర్చాలి. మడిచిన గుడ్డ, దాని మీద కవర్ అనే రకంలో రెండూ విడివిడిగా ఉంటాయి. ఇంట్లో చాలామంది గుడ్డను మాత్రమే మార్చి, కవర్ మురికి కానంతవరకు దాన్నే మళ్లీ వాడతారు.

ఇంట్లో పొదుపుగా, చక్కగా పనిచేసే ఈ చివరి పద్ధతే సంరక్షకురాలి ఇంట్లో చిక్కులు తెస్తుంది. కవర్ మళ్లీ వాడదగిన స్థితిలో ఉందా లేదా అన్నది ప్రతిసారీ ఆమె నిర్ణయించవలసి వస్తుంది; ఆ కొద్దిసేపు తడి కవర్‌ను ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న పుడుతుంది; పక్కన మరో పిల్లవాడు ఏడుస్తుంటాడు. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, అమెరికన్ పబ్లిక్ హెల్త్ అసోసియేషన్ కలిసి రూపొందించిన, శిశు సంరక్షణ కేంద్రాలకు మార్గదర్శకమైన ‘కేరింగ్ ఫర్ అవర్ చిల్డ్రన్’ ప్రమాణాలు గుడ్డ డైపర్లను నిషేధించవు. అయితే పీల్చుకునే పొర జలనిరోధకమైన పై పొర లోపల పూర్తిగా ఇమిడి ఉండాలనీ, రెండింటినీ ఒక్కసారిగా, ఒకే వస్తువులా తీసి మార్చాలనీ, శుభ్రపరచకుండా ఏ భాగాన్నీ మళ్లీ వాడకూడదనీ అంటాయి. ఏ దేశంలో ఉన్నవారికైనా ఈ నియమం వెనుక ఉన్న ఆలోచన పనికొస్తుంది: చేతులు ఎన్నిసార్లు తక్కువ తాకితే మురికి అంత తక్కువగా వ్యాపిస్తుంది.

కాబట్టి సంరక్షకురాలి ఇంటికి వెళ్లే డైపర్లు ఆల్ ఇన్ వన్ రకం కావాలి, లేదా ముందురోజు రాత్రే ప్యాడ్ దూర్చి సిద్ధం చేసిన పాకెట్ రకం కావాలి. పాకెట్ డైపర్‌ను ఖాళీగా పంపి ప్యాడ్‌ను విడిగా ఇవ్వడం వల్ల పని పెరగడం ఒక్కటే నష్టం కాదు. మైక్రోఫైబర్ ప్యాడ్‌ను సంచీలోకి దూర్చకుండా పొరపాటున ఒంటికి తగిలేలా పైన పరిస్తే, అది చర్మంలోని తేమను కూడా లాగేసి మంట పుట్టిస్తుంది. ఇంట్లో 4 రకాలు ఉన్నా అక్కడికి వెళ్లేవన్నీ ఒకే రకం, ఒకే కొలత అయితే మంచిది. సంరక్షకురాలు నేర్చుకోవలసింది ఒక్కసారే ఉంటుంది.

బిగింపు విషయంలో వెల్క్రో వాడి పారేసే డైపర్‌ను పోలి ఉంటుంది కనుక కొత్త చేతులకు త్వరగా అలవడుతుంది. అయితే ఏడాది నిండేసరికి చాలామంది పిల్లలు దాన్ని వాళ్లే విప్పడం నేర్చేసుకుంటారు, ఉతుకుల్లో పోగులు చిక్కుకుని పట్టు కూడా తగ్గుతుంది. టిచ్ బటన్లు ఎక్కువకాలం మన్నుతాయి, కాని ఏ వరుసలో ఏ బటన్‌కు పెట్టాలన్నది తెలియాలి. బిడ్డకు సరిపోయే బటన్ల పక్కన రంగు దారంతో చిన్న కుట్టు వేసి పంపడం తేలికైన ఉపాయం. బిడ్డ ఎదిగినప్పుడు ఆ కుట్టును ఒక గడి జరపాలని గుర్తుంచుకోవాలి.

మలం, చేతులు, నేల

ఇక్కడ దాచకుండా మాట్లాడుకోవలసిన విషయం ఒకటుంది. ఇంట్లో ఒక్క బిడ్డ మలంలోని సూక్ష్మజీవులు ఆ ఇంటివారికే పరిమితం. సంరక్షకురాలి ఇంట్లో అవి మరో కుటుంబపు బిడ్డ నోటిదాకా చేరగలవు. రోటావైరస్, నోరోవైరస్, హెపటైటిస్ ఎ, షిగెల్లా, జియార్డియా వంటివి మలం నుంచి చేతులకూ, చేతుల నుంచి బొమ్మలకూ, నేలకూ, అక్కడి నుంచి మరో పిల్లవాడి నోటికీ చేరే దారి డైపర్ వాడే వయసు పిల్లలున్న చోట చాలా చిన్నది. గుడ్డ డైపర్ల మీద ఇష్టం ఉన్నవారు ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసిపారేయడం నాకు నచ్చదు, ఎందుకంటే దీనికి ఆధారం ఉంది. డేకేర్ కేంద్రాల్లో జరిగి 1991లో వెలువడిన ఒక అమెరికన్ పరిశోధనలో, గుడ్డ డైపర్ మీద పైకి లాగి తొడిగే ప్లాస్టిక్ చెడ్డీ వేసిన పద్ధతితో పోలిస్తే వాడి పారేసే డైపర్లు వాడినప్పుడు పరిసరాల్లో మల సంబంధ బాక్టీరియా తక్కువగా కనిపించింది. అదే పరిశోధనలో తేలిన రెండో విషయం మనకు మరింత ఉపయోగపడేది: డైపర్ ఏ రకమైనా, దాని మీద బట్టలు తొడిగి ఉంచితే ఆ కాలుష్యం తగ్గింది. అప్పటి ప్లాస్టిక్ చెడ్డీకీ, కాళ్ల దగ్గర రెండు వరుసల ఎలాస్టిక్ ఉన్న ఇప్పటి కవర్‌కూ తేడా ఉంది, నిజమే. అయినా బిడ్డను ఒట్టి డైపర్‌తో పాకనివ్వకుండా పైన ఒక లాగు తొడగాలన్న పాఠం ఇప్పటికీ చెల్లుతుంది.

ఇక అందరూ తడబడే ప్రశ్న: మలం అంటిన గుడ్డను సంరక్షకురాలు జాడించాలా? వద్దు. కుళాయి కింద గానీ, షవర్ ధారతో గానీ జాడించినప్పుడు కంటికి కనిపించని తుంపరలు చుట్టూ పడతాయి. పాలసీసాలు కడిగే, చేతులు కడుక్కునే సింకుల దగ్గర అది జరగనే కూడదు. తల్లిపాలు మాత్రమే తాగే పసిబిడ్డ మలం నీటిలో కరిగిపోతుంది కనుక ఆ డైపర్‌ను ఉన్నదున్నట్టుగా సంచిలో వేసి పంపినా ఇంట్లో ఉతుకు యంత్రం దాన్ని శుభ్రం చేయగలదు. డబ్బా పాలు తాగేవారి, ఘనాహారం మొదలుపెట్టినవారి మలం అలా కాదు, ముందుగా తీసేయాలి. గట్టిగా ఉన్నది మరుగుదొడ్డిలోకి దులిపితే దానంతటదే పడిపోతుంది, అంతవరకు ఆమె చేయగలిగితే మంచిదే. జిగురుగా ఉంటే చుట్టి సంచిలో వేసేయడమే సరైన పని, మిగతాది సాయంత్రం ఇంట్లో చూసుకోవచ్చు. మలవిసర్జన వేళలు కాస్త స్థిరపడిన బిడ్డకు లోపల పలచని కాగితపు లైనర్ పరిచి పంపితే ఈ పని ఇంకా తేలికవుతుంది. ఆ లైనర్ మీద మరుగుదొడ్డిలో వేయవచ్చని రాసి ఉన్నా చెత్తబుట్టలో వేయమనే చెప్పాలి, లేకపోతే ఆమె ఇంటి గొట్టాలు మూసుకుపోయే ప్రమాదం ఉంటుంది.

విప్పిన డైపర్ వెళ్లవలసింది జిప్ ఉన్న, తడి బయటికి రాని సంచిలోకి. దాన్ని పిల్లలకు అందని ఎత్తులో తగిలించాలి. బకెట్టులో నీళ్లు పోసి నానబెట్టడం అక్కడే కాదు, ఇంట్లో కూడా వద్దు. నానడం వల్ల ఎలాస్టిక్ పాడవడం చిన్న నష్టం. తప్పటడుగుల వయసు పిల్లలు కొద్ది అంగుళాల నీటిలో కూడా మునిగి ప్రాణం పోగొట్టుకోగలరన్నది అసలు కారణం. తుడవడానికి గుడ్డ ముక్కలు పంపితే అవి కూడా అదే సంచిలోకి వెళతాయి. కాగితపు వైప్స్ వాడే ఇంట్లో మాత్రం, అలవాటుగా వైప్‌ను కూడా డైపర్‌లో చుట్టేయడం జరుగుతూ ఉంటుంది. అవి యంత్రంలో పీలికలై అన్ని ప్యాడ్లకూ అతుక్కుంటాయి. దీన్ని మొదటిరోజే చెప్పడం మంచిది.

బిడ్డకు విరేచనాలు పట్టుకున్నప్పుడు, లేదా ఆ ఇంట్లో మరో పిల్లవాడికి అలా ఉన్నప్పుడు ఆ కొద్దిరోజులూ వాడి పారేసే డైపర్లు పంపడం తగినది. గుడ్డ డైపర్ల మీద నమ్మకం ఎంత గట్టిదైనా దాని భారం మరొకరి బిడ్డ మీద పడకూడదు.

తడి, చర్మం, వారంలో ఏ రోజు

వాడి పారేసే డైపర్ లోపల సోడియం పాలియాక్రిలేట్ అనే పదార్థం ఉంటుంది. అది తన బరువుకు ఎన్నో రెట్ల ద్రవాన్ని పీల్చి జిగురు ముద్దగా మార్చి పట్టి ఉంచుతుంది, కనుక మార్చడం ఒక గంట ఆలస్యమైనా చర్మానికి తడి పెద్దగా తగలదు. నూలు గానీ, హెంప్ గానీ ఆ పని చేయలేవు. తడిసిన గుడ్డ తడిగానే ఉంటుంది. పాకెట్ డైపర్లో ఒంటికి తగిలే ఫ్లీస్ (మెత్తని సింథటిక్ బట్ట) పొర ఆ తడి చర్మానికి తెలియకుండా కొంత అడ్డుకుంటుంది గానీ పూర్తిగా కాదు. అందుకే గుడ్డ డైపర్‌ను 2 నుంచి 3 గంటలకోసారి, మలవిసర్జన అయితే వెంటనే మార్చాలి. గుడ్డ డైపర్ల వల్ల సంరక్షకురాలికి నిజంగా పెరిగే పని ఇదొక్కటే, కాబట్టి ఒప్పందంలో దీన్ని తగ్గించి చెప్పకూడదు. రోజుకు 4 సార్లు మార్చే అలవాటున్న ఆమెను 5 లేదా 6 సార్లు మార్చమంటున్నామని సూటిగా చెప్పి అడగాలి.

ఈ వ్యవధి ఎందుకు అంత ముఖ్యమో తెలియాలంటే దద్దుర్లు ఎలా వస్తాయో చూడాలి. ఆరోగ్యంగా ఉన్న చర్మం కొద్దిపాటి ఆమ్ల గుణంతో ఉంటుంది. అదే దానికి రక్షణ. తడిలో నానిన చర్మం మెత్తబడి ఒరుపుకు తట్టుకోలేదు. మూత్రంలోని యూరియాను మలంలోని బాక్టీరియా విడగొట్టినప్పుడు అమ్మోనియా పుట్టి చర్మపు ఆమ్ల గుణాన్ని పోగొడుతుంది. ఆ స్థితిలో మలంలో ఉండే, ప్రోటీన్లనూ కొవ్వులనూ అరిగించే ఎంజైములు చురుకై చర్మాన్నే కొరకడం మొదలుపెడతాయి. అంటే మూత్రం ఒక్కటే చేసే హానికన్నా మూత్రమూ మలమూ కలిసి కొద్దిసేపు ఉంటే జరిగే హాని చాలా ఎక్కువ. మధ్యాహ్నం నిద్రలో మలవిసర్జన చేసే బిడ్డ విషయంలో, నిద్ర చెడిపోతుందని మార్చడం వాయిదా వేసే సంరక్షకురాలికి ఈ ఒక్క కారణం విడమరచి చెబితే చాలు.

దద్దుర్లు కనిపించినప్పుడు రెండు ఇళ్ల మధ్య నింద మొదలవుతుంది. గుడ్డ వల్లే అని ఆమె అంటుంది. సమయానికి మార్చకపోవడం వల్లే అని వీళ్లంటారు. ఇక్కడ కోపం కన్నా క్యాలెండర్ ఎక్కువ పనికొస్తుంది. సెలవు రోజుల్లో మాయమై, వారం మధ్యకు మళ్లీ వచ్చే ఎరుపు అయితే, కారణం అక్కడ మార్చే వ్యవధిలోనో, అక్కడ వాడే వైప్స్‌లోనో, క్రీములోనో వెతకాలి. ఏడు రోజులూ ఒకేలా ఉండే ఎరుపు అయితే, తప్పు చాలావరకు ఇంటి ఉతుకుదే: గుడ్డలో మిగిలిపోయిన డిటర్జెంటో, సరిగా పోని అమ్మోనియానో అయి ఉండవచ్చు. ఆరిన ప్యాడ్‌కు వాసన లేకపోయినా, తడవగానే ఘాటు ముక్కుకు తగిలితే అది ఉతుకు చాలడం లేదనడానికి గుర్తు. గజ్జల మడతల్లో గాఢమైన ఎరుపు, దాని చుట్టూ చుక్కల్లాంటి చిన్న పొక్కులు ఉంటే అది క్యాండిడా అనే శిలీంధ్రం కావచ్చు. దానికి వైద్యుడు చూసి ఇచ్చే మందు కావాలి, డైపర్ మార్పు ఒక్కటే సరిపోదు.

క్రీముల గురించి ఒక మాట. పెట్రోలియం జెల్లీ, జింక్ ఆక్సైడ్ ఉన్న మందపాటి క్రీములు గుడ్డకు అంటుకుంటే అక్కడ జిడ్డు పొర ఏర్పడి నీరు ఇంకకుండా జారిపోతుంది. సంరక్షకురాలు మంచి మనసుతో ప్రతిసారీ పూసే క్రీము వల్లే రెండు నెలల తర్వాత డైపర్లు కారడం మొదలవుతుంది, కారణం మాత్రం ఎవరికీ తట్టదు. క్రీము తప్పనిసరైన రోజుల్లో లోపల లైనర్ పరిచి పంపాలి.

తిరిగి వచ్చిన సంచి చెప్పే సంగతులు

“కారిపోతున్నాయి” అన్న ఫిర్యాదు ఒక్కటే అయినా కారణాలు అనేకం. సంరక్షకురాలిని ప్రశ్నలతో ఇబ్బంది పెట్టకుండానే వాటిని కనిపెట్టవచ్చు, ఎందుకంటే సాక్ష్యమంతా సాయంత్రం సంచిలోనే ఇంటికి వస్తుంది. ప్యాడ్ ఈ చివరి నుంచి ఆ చివరికి పూర్తిగా నానిపోయి ఉంటే, పీల్చుకునే శక్తి చాలలేదని గానీ, మార్చడం ఆలస్యమైందని గానీ అర్థం. బిడ్డ బట్టలు తడిసి ప్యాడ్ సగం పొడిగా ఉంటే, తొడిగిన తీరులో ఖాళీ ఉందన్నమాట. ముందుభాగం మాత్రమే నానిపోయి ఉంటే, మగబిడ్డ అయితే అక్కడే ఎక్కువ పొరలు కావాలి. ప్యాడ్‌ను ముందువైపు మడిచి దూర్చి పంపితే సరిపోతుంది. నడుము దగ్గర, తొడ దగ్గర బట్టల అంచులు మాత్రమే చెమ్మగిల్లితే, లోపలి గుడ్డ అంచు కవర్ బయటికి తొంగిచూస్తూ తడిని వత్తిలా పైకి లాగుతోందన్నమాట. వేలితో ఆ అంచును లోపలికి తోసేయడం నేర్పాలి.

తొడిగే తీరులో తెలుసుకోవలసింది నిజానికి ఒక్కటే. కాళ్ల ఎలాస్టిక్ తొడ మీద కాకుండా, లోదుస్తు అంచు పడే చోట, గజ్జ మడతలో కూర్చోవాలి. నడుము దగ్గర రెండు వేళ్లు పట్టేంత జాగా ఉండాలి. సాక్సు విప్పాక కనిపించేలాంటి లేత గుర్తు తొడ మీద కనిపిస్తే అది బాధపడవలసింది కాదు. లోతుగా, ఎర్రగా, చాలాసేపు మాయకుండా ఉండే గాటు పడితే మాత్రం బిగింపు వదులు చేయాలి. గుడ్డ డైపర్ మందంగా ఉంటుంది కనుక బట్టలు ఒక కొలత పెద్దవి పంపాలి. కాళ్ల మధ్య బటన్లు పెట్టే బిగుతైన బాడీసూట్ డైపర్‌ను నొక్కేస్తే, మంచి ప్యాడ్ కూడా కారుతుంది. మైక్రోఫైబర్‌లో ఈ లోపం మరీ ఎక్కువ: అది తడిని వేగంగా పీల్చుకుంటుంది గాని, ఒత్తిడి పడగానే స్పాంజిలా వదిలేస్తుంది. హెంప్ నెమ్మదిగా పీల్చుకున్నా గట్టిగా పట్టి ఉంచుతుంది. అందుకే పైన మైక్రోఫైబర్, కింద హెంప్ పెట్టిన జంట మధ్యాహ్నపు నిద్రకు బాగా పనికొస్తుంది. నిద్రవేళకు ఇచ్చే డైపర్‌ను వేరే రంగులో పంపితే ఏది ఎప్పుడు వాడాలో చెప్పవలసిన పని కూడా తప్పుతుంది.

కొత్తగా కొన్న నూలు, హెంప్ ప్యాడ్లను నేరుగా సంరక్షకురాలి ఇంటికి పంపడం మాత్రం పొరపాటు. వాటిలోని సహజమైన నూనెలు పోయి పూర్తిగా పీల్చుకునే స్థితికి రావడానికి అవి అనేకసార్లు ఉతుకు పడాలి. మొదటి వారంలోనే డైపర్లు కారితే ఆమెకు కలిగే అభిప్రాయం తర్వాత ఎంత బాగా పనిచేసినా త్వరగా మారదు. ఇంట్లో కనీసం రెండు వారాలు వాడి, కారకుండా నిలబడిన వాటినే పంపడం ఆమె శ్రమకు ఇచ్చే గౌరవం.

లెక్క విషయానికొస్తే, బిడ్డ 10 గంటలు అక్కడ ఉండి రెండున్నర గంటలకోసారి మార్చితే 4, మలవిసర్జన వల్ల మరో 1 లేదా 2 కలిపి 5 లేదా 6 అవుతాయి. 7 పంపితే ఆమెకు కంగారు ఉండదు. ఇంట్లోవి కూడా కలిపి రోజుకు 8 అనుకుని, రెండు రోజులకోసారి ఉతికి, ఆరడానికి ఒక రోజు వదిలితే మొత్తం 24 డైపర్లు చేతిలో ఉండాలి. సంచులు కనీసం 2 కావాలి, ఒకటి ఉతుకులో ఉన్నప్పుడు మరొకటి వెళ్లాలి కనుక. వీటికి తోడు అరడజను వాడి పారేసే డైపర్లను ఆమె దగ్గర శాశ్వతంగా ఉంచడం తప్పనిసరి అని నా అభిప్రాయం. వర్షం పట్టి ప్యాడ్లు ఆరని రోజు, బిడ్డను తీసుకువెళ్లేవారు ఆలస్యంగా వచ్చే రోజు ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది.

ఇంటి ఉతుకు గురించి ఇక్కడ క్లుప్తంగానే చెబుతాను. సంచి ఇంటికి రాగానే జిప్ తీసి గాలి తగిలే బుట్టలోకి మార్చాలి. మూసిన సంచిలో రాత్రంతా ఉంచితే అమ్మోనియా ఘాటు పెరుగుతుంది. ముందు చల్లటి నీటితో ఒక జాడింపు, తర్వాత సరిపడా డిటర్జెంట్‌తో 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర అసలు ఉతుకు. ఫ్యాబ్రిక్ కండిషనర్ వద్దు, అది కూడా క్రీములాగే పోగుల మీద పొరగా పేరుకుంటుంది. గుడ్డ డైపర్లను పర్యావరణం కోసం ఎంచుకున్నవారు గుర్తుంచుకోవలసింది ఒకటుంది. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2008లో ప్రచురించిన అంచనా ప్రకారం ఒక బిడ్డ రెండున్నరేళ్లు వాడే పారేసే డైపర్ల కర్బన ఉద్గారం సుమారు 550 కిలోలైతే, సగటు పద్ధతిలో ఉతికిన గుడ్డ డైపర్లది సుమారు 570 కిలోలు. నిండు యంత్రంతో ఉతికి, తాడు మీద ఆరవేసి, రెండో బిడ్డకు కూడా వాడితే ఆ అంకె బాగా తగ్గుతుంది. డ్రయ్యర్‌లో ఆరబెడితే పెరుగుతుంది. అంటే ఆ లాభనష్టాలను తేల్చేది ఇంటి ఉతుకే. సంరక్షకురాలు సరిగ్గా సహకరించలేదనే బాధను ఆ లెక్కలోకి తీసుకురావలసిన అవసరం లేదు.

అడగడం, ఆమె కాదంటే

ఈ సంభాషణ బిడ్డను చేర్పించే ముందే జరగాలి, చేర్చిన తర్వాత మొదటి సోమవారం పొద్దున్న గుమ్మం దగ్గర కాదు. ఆమెకు వర్తించే స్థానిక నియమాలు, ఆమె లైసెన్సు షరతులు ఏమైనా ఉంటే ముందుగా వాటిని చూసుకోమనాలి. తర్వాత రెండు వారాల ప్రయోగం అడగవచ్చు: ఒక డైపర్ ఎదురుగా తొడిగి చూపించి, ఆమె చేత ఒకసారి తొడిగించి, విప్పినవి ఎక్కడ వేయాలో ఆమె ఇంట్లోనే చోటు చూసి, మార్చిన వేళలను ఒక చీటీ మీద రాయమని అడిగితే చాలు. ఆ చీటీ ఆమె మీద నిఘాగా మారకూడదు. తినడం, నిద్ర ఎలా రాస్తుందో అలాగే ఇదీ. ప్రయోగం ముగిశాక మొదట మాట్లాడవలసింది ఆమె. ఏది చిరాకు తెప్పించిందో ఆమె చెబితే, దాన్ని మార్చగలిగే చోటు దాదాపు ఎప్పుడూ ఇంట్లోనే ఉంటుంది.

అప్పటికీ ఆమె వద్దంటే, ఆ “వద్దు”ను మన్నించాలి. నలుగురు పిల్లలను ఒంటరిగా చూసుకునే మనిషికి ఒక అదనపు మార్పు అంటే 5 నిమిషాలపాటు మిగతా ముగ్గురి మీద చూపు లేకపోవడం. ఆ 5 నిమిషాల విలువ ఆమెకు తెలిసినంతగా మనకు తెలియదు. ప్రేమగా, జాగ్రత్తగా చూసుకునే సంరక్షకురాలిని డైపర్ కోసం వదులుకోవడం నేను ఎవరికీ సలహా ఇవ్వను. అక్కడ పారేసేవి, ఇంట్లో గుడ్డవి అన్న ఏర్పాటులో బిడ్డ చర్మానికి ఏ ఇబ్బందీ లేదు. వారానికి 5 రోజులు, రోజుకు 5 మార్పుల చొప్పున అక్కడ 25 అయితే, రోజుకు 8 చొప్పున వారం మొత్తం మీద అయ్యే 56లో ఇంకా 31 ఇంట్లోనే జరుగుతాయి. సాయంత్రం బిడ్డ ఇంటికి రాగానే మార్చే మొదటి డైపర్ నుంచి మర్నాడు పొద్దున్న చొక్కా తొడిగేదాకా, ఆపైన రెండు సెలవు రోజులూ గుడ్డవే నడుస్తాయి. బిడ్డ ఘనాహారానికి అలవాటుపడి, మలం గట్టిపడి, రోజుకు మార్చవలసినవి తగ్గే నాటికి ఆమెను మళ్లీ ఒకసారి అడిగి చూడవచ్చు. అప్పటికి బిడ్డ అలవాట్లు ఆమెకు బాగా తెలిసి ఉంటాయి, అడిగే పని కూడా మొదట అడిగినదానికన్నా తక్కువే ఉంటుంది.